పళ్ళెం పట్టుకుని నిలబడిన కజుయో

ఇమురా కజుయోకి దయ్యాల సినిమాలంటే భయం. టీవీలో అలాంటిదేదైనా మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అవసరం లేకపోయినా కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నిలబడుతుంది. అలాంటి మనిషి ముఖం ఇప్పుడు బస్టాపుల్లో పోస్టరై జనాన్ని భయపెడుతోంది. తెల్ల టోపీ, తెల్ల ఏప్రను, చేతిలో పళ్ళెం, ఎవరి కోసమో తలుపు వైపు చూస్తున్న కళ్ళు.

ఆమె మా అమ్మాయి కొతోహ వెళ్ళే నర్సరీలో వంట చేస్తుంది. పిల్లలందరికీ కజు మామ్మ. పుట్టింది మా ఈ రేవు ఊళ్ళోనే. తండ్రి చేపల సంతలో వేలంపాట పాడేవాడు. ఆ గొంతు కూతురికి వచ్చింది. వంటగదిలో ఆమె "ముల్లంగి అయిపోయింది" అంటే గేటు దగ్గర చెప్పులు విప్పుకుంటున్న మాకు వినపడుతుంది. భర్త తొకుజి మంగలి. వాళ్ళకి పిల్లలు లేరు. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు కొండ మీది పాత నర్సరీలో పనికి కుదిరింది. ఊళ్ళో పిల్లలు తగ్గిపోయి దాన్ని మూసేశాక, స్టేషను దగ్గరి కొత్త నర్సరీకి తన కత్తులూ గరిటెలూ తనే మోసుకుంటూ దిగి వచ్చింది.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉంది. ఈ కథంతా దాని మీదే నడిచింది కాబట్టి ముందుగా అది చెప్పాలి.

పాత నర్సరీలో, ఆమె పడుచుగా ఉన్న రోజుల్లో, పాలు పడని ఒక పిల్లవాడి ముందు పొరపాటున పాలు పోసిన సూపు పెట్టారు. పిల్లవాడు బతికాడు. ఆ కుటుంబం మాత్రం ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఆ సూపు పెట్టింది కజుయో కాదు, కానీ వండింది ఆమె. అప్పట్లో ఆమె అన్న రైలు డ్రైవరు. సిగ్నలు కనబడితే వేలు చాపి, దాని రంగు గట్టిగా పైకి చెప్పందే బండి కదపని మనిషి. కజుయో ఆ అలవాటును వంటగదిలోకి తెచ్చుకుంది. తిండి పడని పిల్లల పళ్ళేలను విడిగా, పసుపు రంగు పళ్ళేల్లో సర్దుతుంది. ఒక్కొక్కటీ తన చేతులతోనే తెచ్చి, పిల్ల ముందు నిలబడి, వేలు చూపించి గట్టిగా పిలుస్తుంది.

"హిరాసె కొతోహ. గుడ్డు లేదు."

క్లాసు టీచరు కూడా వేలు చూపించి తిరిగి చెప్పాలి. "హిరాసె కొతోహ. గుడ్డు లేదు. సరే."

ఆ "సరే" వినపడేదాకా పళ్ళెం ఆమె చేతుల్లోంచి కిందికి దిగదు. టీచరుకి దగ్గు వచ్చినా, ఫోను మోగినా, ఆమె అలాగే నిలబడి ఉంటుంది. మా కొతోహది అందరికంటే ఎక్కువ ప్రమాదమైన ఒళ్ళు కాబట్టి మొదటి పళ్ళెం దానిదే.

కొతోహకి ఏడాది నిండకముందు ఒక చెంచాడు గుడ్డు కస్టర్డు తినిపించాను. పెదవులు వాచి, ఊపిరి ఈలలా మారి, అంబులెన్సు వచ్చేలోగా పిల్ల నా చేతుల్లో మెత్తబడిపోయింది. నేను జిల్లా మత్స్యశాఖ ప్రయోగశాలలో పని చేస్తాను. ఆల్చిప్పల్లో విషం ఉందా లేదా చూడటం నా పని. కంటికి కనపడనిది ఎంత చేయగలదో నాకు ఉద్యోగమే నేర్పింది, ఆ చెంచా మళ్ళీ నేర్పింది. కొతోహకి మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఒకటే నూరిపోశాను. "నీ పేరు, గుడ్డు లేదు అన్న మాట, రెండూ వినపడితేనే తినాలి. వినపడకపోతే ముట్టుకోకూడదు." ఆ రెండూ వినిపించే గొంతు కజుయోది. ఆ గొంతును నమ్ముకుని నేను రోజూ పనికి వెళ్ళేదాన్ని.

కిందటి వేసవి చివర్లో మినెగిషి అనే సినిమా డైరెక్టరు మా ఊరు వచ్చాడు. సన్నగా, చేపలు పట్టేవాళ్ళ టోపీ పెట్టుకుని, ఎవరినీ తలెత్తి చూడని మనిషి. మొదట తొకుజి దుకాణంలో జుట్టు కత్తిరించుకున్నాడు. మాటల్లో కజుయో గురించి విన్నాడు. మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"ఒక రోజు పాత నర్సరీలో వంట చేసి వడ్డిస్తారా? రోజూ చేసినట్టే."

"ఎవరికి బాబూ?"

"ఎవరూ రారు."

"తిండి దండగ కదా."

"నేను తింటాను."

అంతే చెప్పాడు. దయ్యం మాట ఎత్తలేదు. అబద్ధమూ చెప్పలేదు. వంట పద్ధతుల మీద ఏదో తీస్తున్నాడనుకుంది కజుయో. ముందు రోజు జుట్టుకి రంగు కూడా వేసుకుంది.

అతను సినిమా తీసే తీరు ఆమె నాకు తర్వాత చెప్పింది. కాగితం లేదు, మాటలు రాసివ్వడం లేదు. మొదలు అని గానీ, చాలు అని గానీ అనడు. కెమెరాను ఒక మూల నిలబెట్టి, దాని దగ్గర ఒక కుర్రాణ్ణి వదిలి, తను నడవాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఏదైనా ఒక్కసారే తీస్తాడు. చెయ్యి జారినా, గిన్నె పడినా, అదే సినిమా.

"నా వెనక నిలబడి నా వంట చూసేవాళ్ళని చూశాను గానీ, నాకు వీపు పెట్టి నా వంట తీసేవాణ్ణి ఇప్పుడే చూశా" అని ఆమె నవ్వింది.

కజుయో అన్నం వండింది. చేప కాల్చింది. గుమ్మడికాయ ఉడికించింది. ఖాళీ గదిలో, దుమ్ము పట్టిన చిన్న చిన్న కుర్చీల మధ్యకి పసుపు పళ్ళెం పట్టుకుని వచ్చింది. మొదటి కుర్చీ ముందు నిలబడి, వేలు చూపించి పిలిచింది. ఆ క్షణంలో నోటికి వచ్చింది రోజూ వచ్చే పేరే.

"హిరాసె కొతోహ. గుడ్డు లేదు."

తిరిగి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె పళ్ళెం దించలేదు.

ఆ సినిమాను నగరాల్లో విడుదల చేయకముందు మినెగిషి మా ఊరి కమ్యూనిటీ హాల్లో వేసి చూపించాడు. అందరం దిండ్లు వేసుకుని, బియ్యప్పిండి బిస్కట్లు పంచుకుంటూ కూర్చున్నాం. కజుయో కొత్త కోటు తొడుక్కుని ముందు వరసలో కూర్చుంది. పక్కన తొకుజి వచ్చేపోయే వాళ్ళందరికీ "హీరోయిన్ గారి భర్తను, సంతకాలు నా దగ్గర" అంటున్నాడు.

సినిమాలో రక్తం లేదు. దయ్యం లేదు. సంగీతం లేదు. ఒక ముసలామె ఖాళీ బడిలో వంట చేస్తుంది, అంతే. మొదట్లో జనం నవ్వారు. "చేప మాడుతోంది మామ్మా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. తర్వాత నవ్వులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో నేను గమనించడానికి ప్రయత్నించాను, కారణం దొరికితే భయం తగ్గుతుందని నా నమ్మకం. ఫ్రిజ్ మోత తప్ప వేరే చప్పుడు లేదు. కత్తి ఆగాక కూడా కెమెరా ఆగలేదు. ఒక పని అయిపోయాక మనిషి ఊరికే నిలబడే సమయాన్ని ఏ సినిమా చూపించదు. ఇతను అదంతా ఉంచాడు. ఆ ఖాళీలోకి ఏదో వస్తుందని మనమే ఎదురు చూడటం మొదలుపెడతాం.

అప్పుడు మా అమ్మాయి పేరు వినపడింది.

కజుయో పళ్ళెంతో నిలబడింది. అన్నం మీది ఆవిరి పలచబడి, పూర్తిగా పోయింది. ఆమె చేతులు వణకడం మొదలుపెట్టాయి. కళ్ళు తలుపు వైపు వెళ్ళి, మళ్ళీ ఖాళీ కుర్చీ మీదికి వచ్చాయి. మరోసారి, ఈసారి మెల్లగా పిలిచింది. "హిరాసె కొతోహ." జవాబు లేదు. ముఖం నెమ్మదిగా మారిపోయింది. వంగి, ఖాళీ కుర్చీలోకి చూస్తూ, మామూలుగా ఆమెకు లేని సన్నటి గొంతుతో అడిగింది.

"ఉన్నావా తల్లీ?"

తెర చీకటైంది. నా ఒళ్ళో నిద్రపోతున్న కొతోహ ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాను. ఊపిరి తగిలింది. అయినా వేలు తియ్యలేకపోయాను.

కజుయో వెనక్కి తిరిగి నన్ను వెతికింది. ఆమె ముఖం సున్నం కొట్టినట్టుంది. "అది నేను కాదమ్మా" అంది. తర్వాత, "నేనేలే. కానీ అలా కాదు" అంది.

మర్నాడు మినెగిషి పెట్టెడు మిఠాయిలతో తొకుజి దుకాణానికి వచ్చాడు. నన్నూ పిలిపించారు. తల నేలకి ఆనేంతగా వంగి క్షమాపణ చెప్పాడు. ఆ పేరు బతికి ఉన్న పిల్లదని తనకు తెలియదన్నాడు.

"తెలియకపోవడమేంటి బాబూ? లేని పిల్ల పేరు నేనెలా పిలుస్తాను?" అంది కజుయో. "ఉత్తుత్తి పేరుతో పళ్ళెం పెట్టడం నాకు చేతకాదు."

"భయపెట్టాలని నేనేమీ చెయ్యలేదండీ. ఆపలేదు, అంతే" అన్నాడతను.

"ఆపాల్సింది! చేతులు పడిపోయాయి. ఎవరో ఒకరు సరే అంటారని చూస్తున్నా. నువ్వేమో గోడకేసి తిరిగి కూర్చున్నావు. నీకు ఒక్క 'సరే' బరువైందా?"

తొకుజి కుర్చీ తుడుస్తూ అన్నాడు. "దయ్యం చేతి వంట ఇన్నేళ్ళు తిని బతికాను. సినిమా తీస్తే నా మీద తియ్యాలి."

మినెగిషి నా వైపు తిరిగాడు. నేలను చూస్తూనే, "తీసెయ్యమంటే తీసేస్తాను" అన్నాడు.

"తీసెయ్యండి" అన్నాను. అతను నిజంగానే తీసేశాడు. విడుదలైన సినిమాలో ఆమె పెదవులు కదులుతాయి, పేరు మాత్రం వినపడదు. చూసినవాళ్ళు చెబుతున్నారు, అక్కడే అన్నిటికంటే ఎక్కువ భయం వేస్తుందట. ఎవరి పిల్లల పేరు వాళ్ళకి వినిపిస్తుందట.

అయితే మా ఊరు విన్నది మొదటిదే. బడిపిల్లలు దారిలో చిన్నవాళ్ళని ఆపి, వేలు చూపించి, "ఉన్నావా తల్లీ?" అని ఆట పట్టించడం మొదలుపెట్టారు. నర్సరీలో కజుయో పళ్ళెం తెచ్చి వేలు ఎత్తగానే పిల్లలు బిక్కచచ్చిపోయేవాళ్ళు. పాలు పడని కిషిదా రికు అయితే రెండు చెవులూ మూసుకుని బల్ల కింద దూరాడు.

వాడి తల్లి అయానో తల్లిదండ్రుల సమావేశంలో లేచింది. "కజుయో గారు మంచావిడే, నేను కాదనట్లేదు. కానీ మావాడు రాత్రిళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలకట్లేదు. పలికితే తీసుకెళ్ళిపోతుందంటాడు. మీరే చెప్పండి, నేనేం చెయ్యను?"

అందరూ నా వైపు చూశారు. సినిమాలో వినపడిన పేరు మా అమ్మాయిది కదా. పేరు పిలిస్తే ఏమీ కాదని నేను చెప్పగలను. చదువుకున్నదాన్ని. కానీ ఆ వారం కొతోహను నర్సరీకి పంపకుండా ఇంట్లో ఉంచుకున్నది కూడా నేనే. నోరు తెరవలేదు.

నర్సరీ పెద్దావిడ మెత్తగా తీర్పు చెప్పింది. పసుపు పళ్ళేలు అలాగే ఉంటాయి. వేలు చూపించడమూ ఉంటుంది. పైకి పిలవడం మాత్రం మానాలి. కజుయో, టీచరు ఒకరికొకరు తల ఊపుకుంటే చాలు.

కజుయో చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. "నోరు మూసుకుని పళ్ళెం దించమంటారా?" అని ఒక్కమాట అడిగింది. వచ్చే పండగ సెలవుల దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే పని మానేస్తానని చెప్పింది. ఆమెను ఎవరూ బతిమాలలేదు.

తర్వాతి వారం నుంచి మళ్ళీ నర్సరీకి వెళ్తున్న కొతోహ, సాయంత్రాలు ఇంటికి రాగానే వంటింట్లో దూరడం మొదలుపెట్టింది. అన్నం కలిపేలోగా ఉత్త అన్నమే గుప్పిట్లో తీసుకుని తినేది. ఎదిగే పిల్ల కదా అనుకున్నాను. ఒకరోజు ఒళ్ళు తుడుస్తుంటే పక్కటెముకలు చేతికి తగిలాయి.

"నర్సరీలో ఏం తిన్నావే?"

"ఏం తినలేదు."

"ఎందుకని?"

అది నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "పిలవలేదుగా. నువ్వే కదా చెప్పావు? వినపడకపోతే ముట్టుకోకూడదని."

టీచరు అప్పటికే బుజ్జగించి చూసిందట. కొతోహ వినలేదట. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళెం వైపు చూస్తూ, అందరూ తిని లేచేదాకా కూర్చునేదట. పిల్ల భయపడుతోందని, కొన్ని రోజుల్లో సర్దుకుంటుందని టీచరు అనుకుంది. భయపడలేదు. నేను చెప్పిన మాట నిలబెట్టుకుంటోంది. ఆ గదిలో రోజూ ఆకలితో కూర్చున్న మా అమ్మాయి, ఎదురుగా నోరు కట్టేసుకుని నిలబడ్డ కజుయో. ఆ దృశ్యం ఊహించుకున్నాక సినిమాలోది చాలా చిన్నదనిపించింది.

మళ్ళీ సమావేశం పెట్టించాను. పిలుపు తిరిగి రావాలన్నాను. అయానో ముఖం ఎర్రబడింది.

"అంటే మావాడు బల్ల కింద దూరాలా? మీ అమ్మాయి కోసం?"

"రికు కోసం కూడా. కజుయో గారు పైకి చెప్పే మాట మీవాడికీ కాపలానే కదండీ."

"మీకు భయం లేదా? నిజం చెప్పండి. ఆ పేరు మీ అమ్మాయిదే కదా!"

"ఉంది" అన్నాను. "ఇప్పటికీ ఆవిడ గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అది పోతుందనుకోను. కానీ పిల్ల తినాలి కదా."

చాలాసేపు మాటలు నడిచాయి. మధ్యలో కజుయో తలుపు తీసుకుని వచ్చింది. చేతులు తుడుచుకుంటూ అయానో ముందు కూర్చుంది.

"అమ్మా, మీవాణ్ణి భయపెట్టింది నా మొహమే. కాదనను. నాకూ అద్దంలో చూసుకోవాలంటే అదోలా ఉంది. కానీ మాట లేకుండా పళ్ళెం దించితే నాకు ఆ సూపు గిన్నె గుర్తొస్తుంది. ఆ పిల్లాడి పెదాలు గుర్తొస్తాయి. నన్ను పిలవనివ్వండి. లేదంటే పంపించెయ్యండి. మధ్యలో నిలబెట్టకండి."

"మొదటిరోజు మమ్మల్ని కూడా ఉండనివ్వండి" అంది అయానో చివరికి.

ఆ రోజు ఇద్దరం నడవాలో, అద్దాల తలుపు పక్కన నిలబడ్డాం. లోపల టమాటా సూపు వాసన. పిల్లలు చిన్న కుర్చీల్లో కూర్చున్నారు. కజుయో పసుపు పళ్ళెం పట్టుకుని వచ్చింది. టోపీ, ఏప్రను, అదే నడక. కొతోహ ముందు ఆగి వేలు చాచింది. అయానో నా మోచెయ్యి పట్టుకుంది.

"హిరాసె కొతోహ. గుడ్డు లేదు."

సరిగ్గా అప్పుడే వెనక బల్ల మీద ఎవరిదో సూపు ఒలికింది. టీచరు గుడ్డ కోసం పరిగెత్తింది. తిరిగి చెప్పేవాళ్ళు లేరు. పిల్లలందరూ కజుయోనే చూస్తున్నారు. పళ్ళెం గాల్లో అలాగే ఉంది. చేతుల్లో వణుకు నాకు అద్దం ఇవతల నుంచి కనపడుతోంది.

"మామ్మా!" అంది కొతోహ విసుగ్గా. "కొతోహే! గుడ్డు లేదు! సరే! ఇంక పెట్టు, ఆకలేస్తోంది!"

ఒకరిద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు. కజుయో కళ్ళు కూడా నవ్వాయి. కానీ పళ్ళెం దించలేదు.

"నువ్వు చెబితే కుదరదు తల్లీ. టీచరమ్మ చెప్పాలి. ఉండు."

"అబ్బా!" అని కొతోహ బల్ల మీద తల వాల్చేసింది.

టీచరు తడిచేతులతో వచ్చింది. వేలు చాపింది. "హిరాసె కొతోహ. గుడ్డు లేదు. సరే."

పళ్ళెం దిగింది. కొతోహ అప్పటికే సూపు గిన్నె నోటి దగ్గరికి ఎత్తేసుకుంది. కజుయో ఒక్క క్షణం దాని నెత్తిని చూస్తూ నిలబడి, రెండో పళ్ళెం తెచ్చింది.

"కిషిదా రికు. పాలు లేవు."

రికు చెవులు రెండూ మూసుకున్నాడు. బల్ల కింద మాత్రం దూరలేదు. టీచరు తిరిగి చెప్పింది. పళ్ళెం వాడి ముందుకు వచ్చింది. వాడు కజుయో ముఖం వైపు చూడలేదు. పళ్ళెంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఒక చెవి మీద చెయ్యి అలాగే ఉంచుకుని, రెండో చేత్తో చెంచా అందుకున్నాడు.